పీల్చిన గాలి, ఊదిన గాలి

అవసరమును బట్టి వస్తువును ఎన్నుకొనుట సులభము. దుక్కిటెద్దును కొనువాడు దాని మూపును, డెక్కలను చూచును. లారీ కొనువాడు అది మోయు టన్నులను, త్రాగు డీజిలును లెక్క వేయును. వారికి సందేహములు కలిగినను ఆ సందేహములకు అంకెలు సమాధానము చెప్పగలవు. కాని మొదటినుండియు అవసరముతో సంబంధము లేక, కేవలము ఉబలాటముచేతనే పుట్టిన వస్తువు విషయమున ఎన్నిక వచ్చిపడినప్పుడు అంకెలు ఎంత దూరము తోడు రాగలవు? అమెరికాలో మజిల్ కారు అని పిలువబడు బండి అట్టి వస్తువు. దానికి వాయుమండలపు గాలిని తనంత తాను పీల్చుకొను పెద్ద ఇంజను మేలా, టర్బో బిగించి గాలిని లోనికి ఊదించుకొను ఇంజను మేలా అను వివాదము ఆ దేశపు యువకులకును, తల నెరసినవారికిని గూడ ఆరు దశాబ్దములుగా తీరనిదై యున్నది. కాకినాడలో యంత్రశాస్త్రము బోధించుచు ఉద్యోగకాలము గడిపిన నాకు, ఈ ప్రశ్నకు సుద్దముక్కతో బోర్డుమీద వ్రాసి చూపదగిన సమాధాన మొకటియు, బండి నడుపువాని అరికాలు చెప్పు సమాధాన మొకటియు కలవనియు, ఆ రెండును ఒకదానితో నొకటి పొసగవనియు తోచుచుండును.

మజిల్ కారనగా నేమో ముందు చెప్పవలెను. 1964లో జనరల్ మోటార్స్ వారి పాంటియాక్ శాఖ, టెంపెస్ట్ అను మధ్యరకపు కుటుంబవాహనములో, పెద్ద కార్లకొఱకు చేసిన 389 ఘనాంగుళముల, అనగా ఇంచుమించు 6.4 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజనును ఇమిడ్చి దానికి జి.టి.ఓ. అని పేరు పెట్టినది. మధ్యరకపు కార్లలో 330 ఘనాంగుళములకు మించిన ఇంజను ఉండరాదని సంస్థలో నియమము కలదు. ఆ నియమము మోడళ్లకే గాని కొనువాడు అదనముగా కోరుకొను సామగ్రికి వర్తింపదని పాంటియాక్ వారు యుక్తి పన్ని, 295 డాలర్ల పైచిల్లరకు ఆ పెద్ద ఇంజనును కోరినవారికిచ్చు సామగ్రి జాబితాలో చేర్చిరి. ఇట్లు పై యధికారుల కన్నుగప్పి పుట్టిన బండి మొదటి యేటనే 32 వేలకు పైగా అమ్ముడుపోయినది. కుటుంబపు కారు దేహము, ఆ దేహమునకు మించిన ఇంజను, కుఱ్ఱవాని జీతమునకందు ధర - ఈ మూడును కూడినదే మజిల్ కారు. మలుపులలో నేర్పును, ఇంధనపు పొదుపును దానినుండి ఎవరును ఆశింపలేదు. డెట్రాయిట్ నగరమునుండి పాంటియాక్ పట్టణమునకు పోవు వుడ్‌వర్డ్ అవెన్యూ మీద, ఎఱ్ఱదీపము పచ్చనైన క్షణమునుండి తరువాతి దీపము వచ్చువఱకు, ప్రక్కబండికంటె ముందుండుటయే దాని పరమార్థము.

ఇంజనుకు బలమెక్కడనుండి వచ్చును? పెట్రోలునుండి యని సామాన్యముగా అందురు గాని, పెట్రోలును కావలసినంత లోనికి చిమ్ముట చిన్నపని, కష్టమంతయు గాలితోనే. ఒక పాలు పెట్రోలు నిండుగా మండుటకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలెను. ఆ గాలిని ఇంజను పీల్చుకొనునని మనమందుము. నిజమునకు పిస్టను క్రిందికి జరిగి చోటు చేయును, ఆ చోటిలోనికి గాలిని త్రోయునది మన నెత్తిమీదనున్న వాయుసముద్రపు బరువు. సముద్రమట్టమున ఆ బరువు చదరపు టంగుళమునకు 14.7 పౌండ్లు. (రెండుచోట్లను అదే అంకె వచ్చుట కేవలము కాకతాళీయము, అయినను నా విద్యార్థులలో ఏటేట ఎవడో యొకడు ఇందేదో సృష్టిరహస్యము కలదని వాదించుచునే యుండెడివాడు.) ఆ బరువు గొప్పవాని ఇంజనుమీదను, బీదవాని ఇంజనుమీదను సమానముగనే ఒత్తును గనుక, తనంత తాను పీల్చు ఇంజనుకు బలము పెంచవలెనన్న మార్గములు మిక్కిలి కొద్ది: సిలిండర్లను పెద్దవి చేయుట, ఇంజనును మఱింత వేగముగా త్రిప్పుట, గాలి వచ్చిపోవు దారులను నునుపు చేసి వాల్వులను ఎక్కువసేపు తెఱచియుంచుట. అమెరికావారు మొదటి మార్గమును ఒక మతమువలె స్వీకరించిరి. ఇంజను పరిమాణమునకు సాటివచ్చునది మఱియొకటి లేదని ప్రాసతో కూడిన సామెత యొకటి వారి మెకానిక్కు షెడ్లలో నేటికిని వినవచ్చును.

రెండవది కొలిమి యొద్ద కమ్మరి యెఱిగిన త్రోవ: గాలి తనంత తాను వచ్చునని ఎదురుచూడక తిత్తితో ఊదుట. ఇందలి చమత్కారమంతయు ఆ తిత్తి నొత్తువారెవరన్న ప్రశ్నలో నున్నది. ఇంజనులో కాలిన ఇంధనపు శక్తిలో ఇంచుమించు మూడవవంతు పొగగొట్టము గుండ వేడిమిగా పాఱిపోవుచున్నది. ఆ పొగకు అడ్డముగా చిన్న టర్బైను చక్రమును నిలిపి, దాని యిరుసు రెండవ కొనకు గాలిని నొక్కు చక్రమును తగిలించినయెడల, పాఱవేసిన దానినుండియే క్రొత్తబలము పుట్టునన్న భావమునకు స్విట్జర్లాండు దేశీయుడైన ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లోనే పేటెంటు పొందెను. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఇంజనీరైన శాన్‌ఫోర్డ్ మాస్, లిబర్టీ అను విమానపు ఇంజనును కొలరాడోలోని పైక్స్ శిఖరముమీదికి, 14 వేల అడుగుల యెత్తునకు చేర్చి, పలుచని గాలిలో నీరసించిన ఆ యింజను టర్బో సాయమున తన నేలమీది బలమును తిరిగి పొందుటను కొలిచి చూపెను. వ్యర్థమును అర్థముగా మార్చు ఈ యుపాయమును చూచి ముచ్చటపడని యంత్రజ్ఞుడుండడు. బోర్డుమీద వ్రాయు సమాధానములో గెలుపు టర్బోదే. ఇందు నాకేమియు సందేహము లేదు.

అయినను రోడ్డుమీద కథ వేఱు విధముగ నడచినది. టర్బో అమెరికను కార్లలోనికి నిన్న మొన్న వచ్చినది కాదు. జి.టి.ఓ. పుట్టుటకు రెండేండ్లు ముందే, 1962లో, ఓల్డ్స్‌మొబీల్ వారు జెట్‌ఫైర్ అను కారును టర్బోతో అమ్మకమునకు పెట్టిరి. ఆ సంవత్సరమే షెవ్రొలే వారి కోర్వైర్ కూడ టర్బోను ధరించినది. జెట్‌ఫైర్ ఇంజను అల్యూమినియముతో పోతపోసినది, 215 ఘనాంగుళములది, అనగా మూడున్నర లీటర్లది. దాని అశ్వశక్తియు సరిగా 215. ఘనాంగుళమున కొక గుఱ్ఱమని చాటించుకొనుటకు ఇంతకంటె చక్కని అంకె దొరకదు. కాని గాలిని నొక్కిన అది వేడెక్కును. వేడెక్కిన మిశ్రమము నిప్పురవ్వ రగిల్చిన మంట తన్ను చేరకమునుపే ఒక్కొక్కప్పుడు తనంత తాను ప్రేలును. మన మెకానిక్కులు నాకింగు అనునది ఇదియే, పిస్టన్లను పగులగొట్టునదియు ఇదియే. ఈ ప్రమాదమునకు విఱుగుడుగా టర్బో ఇంజన్లలో పిస్టను గాలిని నొక్కు నిష్పత్తిని తగ్గించుట వాడుక. ఓల్డ్స్‌మొబీల్ ఇంజనీర్లు దానిని తగ్గింపనొల్లక 10.25 వద్దనే ఉంచి, బానెట్టు క్రింద నొక సీసాను అమర్చి, అందులో శుద్ధజలమును మెథనాలును కలిపి నింపి, టర్బో ఒత్తిడి పెరిగినప్పుడెల్ల ఆ ద్రవము ఇంజనులోనికి చేరి మిశ్రమమును చల్లబఱచునట్లు ఏర్పాటు చేసిరి. ఆ ద్రవమునకు టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని ఘనమైన నామకరణము కూడ జరిగినది.

యుద్ధవిమానములకు అలవాటైన ఉపాయమే అది. అయితే విమానమును కనిపెట్టుకొని యుండుటకు విమానాశ్రయమున పదిమంది ఉందురు. కారును కనిపెట్టుకొని యుండువాడు ఆఫీసుకు ఆలస్యమైన గుమాస్తా యొక్కడే. సీసా వట్టిపోయినయెడల టర్బో ఒత్తిడిని అడ్డగించు వాల్వొకటి మూసికొనును; ఇంజను బ్రతుకును గాని బండి నీరసించును; సీసా సంగతియే మఱచిన యజమాని, ఇంత డబ్బు పోసిన బండి ఇంత మందముగా నున్నదేమని డీలరుతో తగవులాడును. తుదకు పెక్కు బండ్లనుండి టర్బోను ఊడబెఱికి మామూలు కార్బ్యురేటరును బిగించిరి, 1963తో ఆ కారు కథ ముగిసినది. మఱుసటి యేడే జి.టి.ఓ. వచ్చి, సీసాలును తుంపరలును ఏమియు లేక, వట్టి పరిమాణముతో ఊరంతటిని తనవైపు త్రిప్పుకొన్నది. బుద్ధిమంతమైన యంత్రమును కాదని మొద్దు యంత్రమును వరించిన జనులు మూఢులని అనువారు కలరు. నేననను. రోడ్డుమీద తిరుగు యంత్రమునకు తెలివి ఎంత యున్నదనుటకంటె, యజమాని మతిమఱుపును అది ఎంత ఓర్చుకొనగలదనునదే పెద్ద పరీక్ష. నేటి టర్బోలు ఈ పరీక్షలో చాలవఱకు నెగ్గినవి, ఆనాటిది నెగ్గలేదు.

తరువాతి చరిత్రను త్వరగా దాటవచ్చును. 1970 నాటి స్వచ్ఛవాయు చట్టము, సీసము లేని పెట్రోలు, కుఱ్ఱవాండ్రమీద బీమా సంస్థలు పెంచిన రుసుములు, 1973 నాటి చమురు కఱవు అన్నియు కలిసి పెద్ద ఇంజన్ల పొగరు దింపినవి. 1975లో కార్వెట్ అంతటి క్రీడావాహనములో 5.7 లీటర్ల ఇంజను 165 అశ్వశక్తితో సరిపెట్టుకొనవలసి వచ్చినది. (అశ్వశక్తిని కొలుచు పద్ధతి మాఱుటయు ఇందుకు కొంత కారణము.) ఆ చీకటి రోజుల చివర, 1987లో, బ్యూయిక్ వారు జి.ఎన్.ఎక్స్. అను బండిని 547 మాత్రమే చేసిరి. నలుపు తప్ప దానికి వేఱు రంగు లేదు, ఆరు సిలిండర్లకు మించి లేవు, 3.8 లీటర్లకు మించిన పరిమాణము లేదు, కాని టర్బో బలమున దాని అశ్వశక్తి 276. ఆ యేటి కార్వెట్టుకు 240. పెన్షను పుచ్చుకొనువారి కార్లు చేయు సంస్థగా పేరుపడిన బ్యూయిక్, ఎనిమిది సిలిండర్ల మతస్థుల నోళ్లు మూయించిన ఘట్టమది. టర్బో పక్షమువారు నేటికిని ముందుగా పిలుచు సాక్షియు అదియే.

ఈ పాతకథలన్నియు నాకు మఱల జ్ఞప్తికి వచ్చుటకు కారణము నా మేనల్లుడు. డెట్రాయిట్ చుట్టునున్న ట్రాయ్, నోవై, కాంటన్ మొదలైన పట్టణములలో కార్ల పరిశ్రమను నమ్ముకొని కాపురములు పెట్టిన తెలుగు ఇంజనీర్లు అనేకులు కలరు. వాడును వారిలో నొకడు. నేనక్కడ నున్న ఒక వేసవిలో వానికి 2018 మోడలు మస్టాంగ్ ఒకటి పాతది కొనవలెనని బుద్ధి పుట్టినది. ఆ కారు రెండు విధముల దొరకును: 5 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల, తనంత తాను పీల్చు ఇంజనుతో నొకటి, దాని అశ్వశక్తి 460, 2.3 లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో ఇంజనుతో నొకటి, దాని అశ్వశక్తి 310.

"మామయ్యా, నువ్వే చెప్పు. నాలుగు సిలిండర్లది చవక. మైలేజీ ఎక్కువ. ఊళ్లో తిరగడానికి కావలసిన పికప్పు కింద నుంచే ఉంటుంది," అని వాడు కాఫీ గ్లాసు ముందు పెట్టుకొని గుణములన్నియు ఏకరువు పెట్టెను.

"బాగానే ఉందిగా. మరి రెండోదాన్ని ఎందుకు చూస్తున్నావురా?"

"అది తెలియకే కదా నిన్ను అడుగుతున్నది!"

ఎనిమిది సిలిండర్ల దానిని ముందు నడిపి చూచితిమి. ఆదివారము ప్రొద్దున వుడ్‌వర్డ్ అవెన్యూ మీద రద్దీ లేని వేళ వాడు చక్రము పట్టగా నేను ప్రక్కన గూర్చుంటిని. రెండువేల చుట్ల యొద్ద ఆ యింజను పరమసాధువు. పాదమును వెంట్రుకవాసి దింపిన వెంట్రుకవాసి బలమే వచ్చును, ఎత్తిన అంతయే తగ్గును. అడిగినదానికి మించి ఇవ్వదు, అడిగిన తరువాత ఆలోచింపదు. నాలుగువేల అయిదువందలు దాటగా దాని కంఠము మాఱును. అక్కడినుండి ఏడువేల వఱకు బలము అంతకంతకు పెరుగుచునే పోవును. అయితే అంతవఱకు పోనిచ్చుటకు ఊరిలో బాట చాలదు, పోలీసులును ఊరకుండరు. గంటకు 60 మైళ్ల వేగమున సమతలమున సాగిపోవుటకు ఇట్టి కారుకు కావలసినది 20, 30 అశ్వశక్తికి మించదన్న సంగతి ఇక్కడ తలచుకొనదగినది. తక్కిన నాలుగువందల గుఱ్ఱములును పగ్గము తెంపుకొనక వెనుక నిలుచుండును. అవి యున్నవన్న ఎఱుకకే మనిషి డబ్బు చెల్లించుచున్నాడు.

టర్బో బండిలో ఈ వరుస తలక్రిందులు. దానికి ఇరుసు త్రిప్పు బలము మూడువేల చుట్లకే సంపూర్ణముగా చేతికందును. పెద్ద ఇంజను తన పూర్తి త్రిప్పుడు బలమును 4,600 చుట్ల దాక దాచుకొనును గనుక, ఊరి రోడ్లమీద వాడుకకు కాగితపు లెక్కలలో చిన్నదియే అనుకూలము. అయితే ఆ బలము రావలెనన్న ముందు పొగ రావలెను; పొగ పెరుగవలెనన్న మంట పెరుగవలెను; మంట పెరుగవలెనన్న గాలి పెరుగవలెను; గాలి పెరుగవలెనన్న చక్రము తిరుగవలెను; చక్రము తిరుగవలెనన్న మరల పొగయే రావలెను. ఈ వలయము రాజుకొనువఱకు పట్టు వ్యవధినే వారు ల్యాగ్ అందురు. నాలుగు సిలిండర్ల పొగను రెండు జంటలుగా విడదీసి టర్బైనుమీదికి పంపుట మొదలైన నేర్పులచేత నేటి ఇంజనీర్లు దానిని రెప్పపాటునకు కుదించిరి. గడియారముతో కొలిచిన అది అల్పము. అరికాలితో కొలిచిన అంత అల్పము కాదు. వాన వెలిసిన వేళ హైవేమీది కెక్కు వంపుదారిలో టర్బో బండి నడుపువాడు, ఏ బండియైనను సరే, పాదము నొక్కును. ఏమియు జరుగలేదని తోచి మఱికొంత నొక్కును. అంతలో మొదట అడిగినదియు, పిదప అడిగినదియు ఒక్కుమ్మడిగ చేతికి వచ్చును, వచ్చు సమయమునకు అతనికి ఆ రెండింటిలో నేదియు అక్కఱ లేదు. కర్మకును ఫలమునకును నడుమ జన్మాంతరముల యెడమునైనను మన పెద్దలు నిబ్బరముగా ఒప్పుకొనిరి. కారు నడుపువాడు రెప్పపాటునకును ఒప్పుకొనడు. అలవాటు పడినవారు ముందుగనే అడిగి సిద్ధముగ నుందురనియు, ఆ నిరీక్షణమునందే ఒక రుచి కలదనియు టర్బో రసికులు చెప్పుదురు. ఆ మాటయు అసత్యము కాదు. కాని అది నడుపువాడు యంత్రమునకు అలవాటు పడుట. యంత్రము నడుపువానికి అలవాటు పడుట కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావలెను, వచ్చినది కూడ. నాలుగు సిలిండర్ల చిన్నదానిని ఎనిమిది సిలిండర్ల పెద్దదానితో పోల్చి టర్బోను తూలనాడుట ధర్మము కాదని మేనల్లుని స్నేహితుడొకడు పట్టుపట్టి మమ్ము తన గరాజునకు తీసికొనిపోయెను. పాత షెవ్రొలే పికప్ ట్రక్కులలోని 5.3 లీటర్ల ఇనుప ఇంజనును తుక్కు బండ్ల దొడ్డినుండి కొనితెచ్చి దానికి టర్బో బిగించుట అమెరికా అంతట ఔత్సాహికులకు వ్యసనమైనది. అవి లక్షలకొలది తయారైనవి, చవకగా దొరకును, ఎంత కొట్టినను చావవు. అతని బల్లమీద టర్బో విప్పి యున్నది. అరచేతిలో ఇముడు చక్రము, అంచులయందు చాకువలె పలుచనైన రెక్కలు, వాని నడుమ నా చిటికెనవ్రేలికంటె సన్నని యిరుసు. వ్రేలితో తట్టగా చప్పుడు లేక తిరిగినది. పనిలో నున్నప్పుడు ఇది నిమిషమునకు లక్ష చుట్లు దాటును. ఆ యిరుసును మోయునది ఇంజనాయిలు పొర యొక్కటే. ఒక కొన పొగవేడిమికి ఎఱ్ఱగా కాలుచుండగా, జానెడు దూరమున రెండవ కొన బయటి గాలిని మింగుచుండును. ఇంత చిన్న వస్తువుమీద ఇంత భారమును మోపిన మానవుని సాహసమునకు అబ్బురపడి నేను చాలసేపు చూచుచు నిలిచితిని.

అతని వాదమున పస యున్నది. తనంత తాను పీల్చు ఇంజనునుండి 600 అశ్వశక్తి పిండవలెనన్న పెద్ద క్యాంషాఫ్టు వేయవలెను. వాల్వులు చాలసేపు తెఱచియుండి, లోనికి వచ్చు గాలియు వెలికి పోవు పొగయు ఒకదానిలో నొకటి కలియును. ఇంజను నిలుకడగా తిరుగక కుంటుచు, బండి మొత్తమును ఊపుచుండును. వినువారికి ఆ కుంటినడక ఎంత యింపో నడుపువానికి అంత కంపు: ఊరక తిరుగునప్పుడు లోపలి శూన్యబలము తగ్గిపోవును గనుక, ఆ బలముపై ఆధారపడిన బ్రేకు పెడలు రాయివలె బిగియును, ప్రతి దీపము దగ్గఱను ఇంజను ఆగునేమో యని బెదరవలెను. అదే 600 టర్బోతో తెచ్చినచో మామూలు క్యాంషాఫ్టు చాలును. బండి దీపము దగ్గఱ మర్యాదస్థునివలె నిలిచి, దీపము మాఱిన పిదపనే తన రౌద్రమును చూపును. కావున బలము పెరిగినకొలది రోడ్డుమీద మొఱటుదనము పీల్చు ఇంజనుది, నాగరికత ఊదు ఇంజనుది యగుచున్నది. దీనిని నేను ఒప్పుకొంటిని. కంపెనీలో తయారైన పెద్ద ఇంజను చక్కగా ఇచ్చు 450, 500 అశ్వశక్తి వఱకు పీల్చునదియే మేలు. అంతకు మించి కోరువాడు టర్బోనే శరణు వేడుట మంచిది. బ్రేకు గొట్టముల ప్రక్కగా పోవు కాలిన పొగగొట్టములు, రేడియేటరు ముందర గాలికడ్డము నిలుచు ఇంటర్‌కూలరు, టర్బోనుండి నూనె తిరిగి క్రిందికి దిగుటకు వలసిన వాలు, తాళలేక విఱుగు గేరుపెట్టె - ఈ తలనొప్పులన్నియు అప్పుడతనివి. అంతకు మించి కోరువానికి రోడ్డెక్కడ నున్నదన్న ప్రశ్న మాత్రము నేనడుగలేదు. గరాజులో టర్బో పట్టుకొని నిలుచున్నవానిని అది అడుగుట మర్యాద కాదు.

ఇక ధ్వని మాట. అమెరికను ఎనిమిది సిలిండర్ల ఇంజనులో క్రాంకు అమరిక వలన ఒక్కొక్క ప్రక్కనున్న నాలుగు సిలిండర్లు సమానమైన వ్యవధులలో ప్రేలవు. ఒకచోట రెండు ప్రేలుళ్లు వెంటవెంటనే వచ్చును, మఱియొకచోట ఎడము సాగును. ఆ తాళభంగమే దాని గుడగుడ ధ్వనికి మూలము. టర్బైను పొగదారికి అడ్డముగా నిలిచి ఆ ప్రేలుళ్ల పదును నరికివేయును, బదులుగా ఒక యీలపాట నిచ్చును. ఈ లోటు తయారీదారులకును తెలియును. 2011లో బి.ఎం.డబ్ల్యు. వారు ఎం5 కారుకు రెండు టర్బోల ఇంజను పెట్టి, దాని కంఠమును లోపలి స్పీకర్లగుండ పెంచి వినిపించిరి. నాలుగు సిలిండర్ల మస్టాంగ్ కూడ స్పీకర్ల సాయమున గొంతు పెంచుకొనునదే. నాకు సంగీతమునందు పట్టింపులు హెచ్చు కావు గాని, ఎదురుగా వాద్యము నుంచుకొని రికార్డు వినిపించు కచేరీకి టిక్కెట్టు కొనుటకు మనసొప్పదు. కోరలేని సింహమునకు గర్జన నేర్పుటకంటె ఈలవేయు టర్బో తన యీలయే తాను వేసికొనుట గౌరవప్రదము, జి.ఎన్.ఎక్స్. అట్లే చేసినది.

మన వైపు టర్బో అనగా ముందు జ్ఞప్తికి వచ్చునది ఘాటురోడ్డెక్కు డీజిలు లారీ. తరువాత, 1200 సి.సి. లోపు పెట్రోలు ఇంజనుకు, నాలుగు మీటర్ల లోపు పొడవుకు పన్ను తగ్గించిన మన ప్రభుత్వ విధానము వలన ఇంటింటను వెలసిన చిన్న టర్బో కార్లు. అవి మంచి బండ్లు; ఆ పనికి అంతకంటె మంచివి లేవు. పొదుపు కోరి పుట్టిన యంత్రమునకు పొదుపే శోభ. 2016లో 5 లీటర్ల మస్టాంగ్ మన దేశమునకు వచ్చినప్పుడు దానిని కొన్నవారెవరును మైలేజీ అడిగి కొనియుండరు. అమెరికాలోను నేడు చిన్న ఇంజనుకు టర్బో తగిలించుట పొదుపుచట్టముల సంతానమే. 2023 చివర డాడ్జ్ ఛాలెంజర్, షెవ్రొలే కమారో రెండును నిలిచిపోయినవి. డాడ్జ్ వారి క్రొత్త ఛార్జరులో మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల, రెండు టర్బోల ఇంజను 420 గాని 550 గాని అశ్వశక్తి నిచ్చును. పాత ఎనిమిదింటిలో అనేకముల కంటె అది వేగముగా పోవును. లెక్క ప్రకారము ఇంతకంటె కోరవలసినది లేదు. లెక్క ప్రకారమే పోవలెనన్నచో జి.టి.ఓ.యే పుట్టవలసినది కాదు.

కాఫీ గ్లాసు ముందర మేనల్లునితో నేనన్నది ఇంతమాత్రమే: "నాయనా, రోజూ ఆఫీసుకి పోయిరావడానికైతే టర్బోది కొను, నీ డబ్బు మిగులుతుంది. ఆదివారం పొద్దున ఏ పనీ లేకుండా బయటికి పోవడానికైతే పెద్దది కొను." వాడు పెద్దది కొనెను. చలికాలమున మంచుమీద వెనుకచక్రముల బండి నడపరాదని వాని భార్య షరతు పెట్టినది గనుక ఆ కారు యేటిలో సగము గరాజులోనే యుండును. ఆమె రోజువారీ బండి చిన్న టర్బోది, దానిమీద నింతవఱకు ఎవరికిని ఫిర్యాదు లేదు.

నా సలహా సంగతి ఎవరు చెప్పిరో గాని, డెన్వరులోనుండి వాని స్నేహితుడు మఱియొకడు ఫోను చేసి తనకును ఏది మంచిదో చెప్పుమని అడిగెను. ఈసారి నేను క్షణమైనను తటపటాయింపక టర్బో అంటిని. డెన్వరు 5,280 అడుగుల యెత్తున నున్న ఊరు. అక్కడి గాలి పలుచన, తనంత తాను పీల్చు ఇంజనుకు నూటికి 15 పాళ్లు బలము పుట్టుకతోనే పోవును, టర్బో ఇంకొంచెము వేగముగా తిరిగి ఆ లోటు పూడ్చుకొనును, 1918లో పైక్స్ శిఖరముమీద ఋజువైనది అదియే గదా యని పాఠము చెప్పినంత సేపు చెప్పితిని. అతడు శ్రద్ధగా విని, కృతజ్ఞతలు చెప్పి, మఱుసటి వారము ఎనిమిది సిలిండర్ల దానినే కొనెను. పదిహేను పాళ్లు పోయినను మిగిలిన ఎనుబదియైదు పాళ్లు ఆ ఊరి స్పీడు లిమిట్లకు ఎక్కువే నని అతని వివరణము.